ఎడమ వైపు రెండోసారి

ఆదివారం పొద్దున పదింటికి సెలూన్‌లో ఉన్న రెండు కుర్చీల్లో ఒకటే పనిచేస్తోంది. రెండో కుర్చీ వీపు వెనక్కి వాలడం మానేసి నెల దాటింది. దాని మీద పాత పేపర్లు పెట్టి, వాటి మీద ఉతికిన తువ్వాళ్ళు పేర్చారు. పనిచేసే కుర్చీలో పెయింటరు కూర్చుని ఉన్నాడు. వీధంతా బాబాయి అని పిలిచే సెలూన్ ఆయన అతని గడ్డం రెండోసారి గీసి, చెవి కింద మిగిలిన నురగ బొటనవేలితో తుడిచి, పటిక ముక్క తడిపి రుద్దాడు.

"ఏం బావా, నీ తల్లో వెంట్రుకల కన్నా చుక్కలే ఎక్కువున్నాయి. ఇదేం రంగు?"

"మీగడ రంగు. మూడో అంతస్తు హాలు సీలింగు. వారం నుంచీ పైకి చూస్తూనే బతుకుతున్నా. మెడ నాదో పక్కోడిదో తెలీట్లేదు."

"సర్దేద్దామా మరి?"

"దానికేగా వచ్చింది. గడ్డం ఇంట్లోనూ గీసుకుంటా."

వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్క వీధుల్లో ఉంటూ పదిహేనేళ్ళుగా బావా బావా అనుకుంటున్నారు, అంతే. పెయింటరు భార్య బాబాయిని అన్నయ్యా అంటుంది.

గోడ పక్క బల్ల మీద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ట్యూషన్ మాస్టారు పేపరు దించి, అద్దం పైన కొత్తగా వేలాడుతున్న ఫ్రేము వైపు చూశాడు.

"ఇదెప్పుడొచ్చింది బాబాయ్?"

"రెండు నెలలైంది మాస్టారూ. మెడ, నడుం, వెన్నుపూస సర్దే క్లాసు. మందులూ మాకులూ లేని వైద్యం. రెండు రోజులు."

"రెండు రోజులకే సర్టిఫికెట్టా? మా దగ్గర రెండేళ్ళు కూర్చున్నా పదో తరగతి గట్టెక్కట్లేదు."

"రెండు రోజులే గానీ, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. మధ్యలో భోజనం."

"ఎముకలన్నీ చెప్పారా?"

"ముఖ్యమైనవి చెప్పారు."

పక్కనున్న వ్యాను డ్రైవరు ఆ మాట పట్టుకున్నాడు. "ముఖ్యం కానిదేదో నాక్కూడా చెప్పు బాబాయ్. ఇక నుంచి నొప్పులన్నీ దానికే తెచ్చుకుంటా."

అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు కానీ చెవులు వేడెక్కాయి. ఆ ఫ్రేము తగిలించినప్పటి నుంచీ ఎవరైనా దానివైపు చూస్తే ఆయనకి వీపు నిటారుగా అవుతుంది. ముప్పై ఏళ్ళు కత్తెర పట్టినా ఎవరూ ఆయన్ని ఒక సంగతి అడిగి తెలుసుకున్నది లేదు. ఇప్పుడు అడుగుతున్నారు. మోకాలికేం చెయ్యాలి, నిద్ర పట్టకపోతే ఎక్కడ నొక్కాలి, ఈ వేరు మంచిదా ఆ పొడి మంచిదా అని. క్లాసు వాళ్ళ గ్రూపులో వచ్చిందల్లా చదివి, చదివిందల్లా చెబుతున్నాడు.

మెడ మీద గుడ్డ విప్పి దులిపాడు. పెయింటరు కళ్ళు మూసుకుని ఒళ్ళు వదిలేశాడు. బాబాయి కుడి అరచేయి గడ్డం కింద, ఎడమ చేయి తల వెనక పెట్టి, తలని కుడికి మెల్లిగా తిప్పుకుంటూ పోయి, బిగిసిన చోట ఒక్క క్షణం ఆగి, చురుగ్గా లాగాడు. టకటకమంది. డ్రైవరు ఆ అని మెచ్చుకున్నాడు.

చేతులు మార్చి ఎడమకి తిప్పాడు. లాగాడు. ఏ శబ్దమూ రాలేదు.

"ఇటు పేలలేదే," అన్నాడు డ్రైవరు.

మాస్టారు మళ్ళీ పేపరు దించాడు. ఈ పనిలో శబ్దమే సాక్ష్యం. శబ్దం రాకపోతే కస్టమరు కుర్చీలోంచి లేవడు, లేచినా పని సగమే అయిందన్న మొహంతో వెళ్తాడు. ఇంకో రోజైతే వదిలేసేవాడేమో. ఆ పేపరు పైనుంచి చూస్తున్న కళ్ళజోడు ముందు వదలబుద్ధి కాలేదు. క్లాసులో చూపించినట్టు గడ్డాన్ని కొంచెం పైకెత్తి, ఇంకాస్త ఎక్కువ తిప్పి, మోచేయి ఒంటికి ఆనించుకుని రెండోసారి లాగాడు.

ఈసారి పుల్ల విరిగినట్టు ఒకటే శబ్దం వచ్చింది.

"అబ్బ," అన్నాడు పెయింటరు. గట్టిగా కాదు. వెంటనే కళ్ళు తెరవలేదు. తెరిచాక అద్దంలోకి చూసి, "ఇద్దరు మాస్టార్లు కనపడుతున్నారు," అన్నాడు.

"ఒక మాస్టారికే ఫీజు కట్టట్లేదు ఎవరూ," అన్నాడు మాస్టారు. మళ్ళీ నవ్వులు.

పెయింటరు కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, వాకిట్లో మెట్టు మీద కాసేపు కూర్చున్నాడు. గ్యాస్ అయ్యుంటుంది అన్నాడు. బాబాయి తర్వాతి తల మీద నీళ్ళు కొడుతూ ఒకటి రెండుసార్లు అటు చూశాడు. మూడోసారి చూసేసరికి మెట్టు ఖాళీగా ఉంది.

సోమవారం పదకొండింటికి పెయింటరు భార్య వచ్చింది. సెలూన్‌లోకి ఆడవాళ్ళు రారు. గుమ్మం బయటే నిలబడి పైట చెంగుతో మెడ తుడుచుకుంటోంది. ఆమె కుట్టు మిషను పని చేస్తుంది. జాకెట్టు భుజానికి సూది, దాంట్లో పసుపు దారం ఇంకా వేలాడుతున్నాయి.

"అన్నయ్యా, నిన్న సాయంత్రం నుంచీ ఆయన వాంతులు చేసుకుంటున్నారు. తల వెనక నొప్పంటారు. బాత్రూముకి వెళ్ళాలంటే గోడ పట్టుకుని తూలుతున్నారు. తాగారేమోనని నోరు వాసన కూడా చూశాను."

బాబాయి చేతిలో కత్తెర అలాగే తెరుచుకుని ఉంది.

"నిన్న ఇక్కడేమన్నా జారిపడ్డారా?"

"లేదమ్మా. గడ్డం గీశాను. వెళ్ళిపోయాడు."

"మెడేమన్నా చూశారా?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన చెయ్యి తన మెడ మీదికే పోయింది.

"మెడా... ఊరికే నూనె రాశానంతే."

ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. ఆ షాపులో ఆదివారం నూనె సీసా మూత కూడా తియ్యలేదు.

"హాస్పిటల్‌కి తీసుకెళ్ళనా అన్నయ్యా? మీరు క్లాసు చేశారుగా, మీకు తెలుస్తుందని వచ్చాను."

తీసుకెళ్ళు అనాలి. ఒక్క మాట. కానీ హాస్పిటల్ అంటే అక్కడ ప్రశ్నలు, ప్రశ్నలంటే జవాబులు. అదంతా కళ్ళ ముందు తిరిగింది.

"సీలింగు పని కదా, రంగు వాసనకి పైత్యం చేసుంటుంది. ఇదిగో, ఇలా." ఆమె వైపు ముంజేయి చాపి చూపించాడు. "మణికట్టు గీత నుంచి మూడు వేళ్ళ కొలత వదిలి, మధ్యలో నొక్కి పట్టుకోవాలి. వాంతులు ఆగుతాయి. ఈ పూటకి చూడండి. తగ్గకపోతే రేపు వెళ్దాం."

ఆమె మూడు వేళ్ళు తన మణికట్టు మీదే ఆనించి, బొటనవేలితో నొక్కి చూసుకుంది. "ఇక్కడేనా?"

"కొంచెం ఇవతలికి."

"ఎంతసేపు?"

"ఆగేదాకా."

సరే అన్నయ్యా అని, ఆ చోటు మర్చిపోకుండా బొటనవేలు అక్కడే పెట్టుకుని వెళ్ళిపోయింది.

కుర్చీలో ఉన్న కస్టమరు "కొంచెం చూసుకో బాబాయ్," అన్నాడు. చూస్తే అతని చెవి పైన రక్తపు బొట్టు. ముప్పై ఏళ్ళలో కత్తెరతో చెవి తెగడం ఎన్నిసార్లో వేళ్ళ మీద చెప్పగలడు. పటిక వెతికితే చేతికి దొరకలేదు. చేతిలోనే ఉంది.

మధ్యాహ్నం షాపు ఖాళీ అయ్యాక మెడ సర్దే క్లాసు చెప్పిన మాస్టారికి ఫోను చేశాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. అవతలి గొంతు ముందు తియ్యగానే ఉంది.

"మన పద్ధతి వల్ల అలా కాదు. ఆయనకి లోపల ముందే ఏదో ఉండుంటుంది. బీపీ ఉందా?"

"తెలీదు సార్."

"అడగలేదా?"

"అడగాలని చెప్పలేదు కదా సార్."

"పుస్తకంలో ఉంది. చూడు, నువ్వు ఎక్కడా నోరు విప్పకు. సర్టిఫికెట్ మీద సంతకం నాది. నీ ఒక్కడి పొరపాటుకి ఇంత మంచి విద్యకి చెడ్డపేరు రాకూడదు కదా." ఫోను పెట్టేశాడు.

బాబాయి సొరుగు అడుగు నుంచి క్లాసులో ఇచ్చిన పుస్తకం తీశాడు. పుస్తకమంటే పదహారు పేజీలు. బొమ్మలున్న పేజీలన్నీ వేలి మరకలతో నలిగిపోయి ఉన్నాయి. చివరి పేజీ మాత్రం కొత్తగా ఉంది. 'చేయకూడని సందర్భాలు' అని పైన రాసి, కింద చీమల బారులా చిన్న అక్షరాలు. రెండో రోజు ఆ పేజీ మొదలుపెట్టే సమయానికి ఫోటోగ్రాఫరు వచ్చాడు. అందరూ సర్టిఫికెట్లు గుండెల మీద పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆ పేజీ ఇంటికెళ్ళి చదువుకోండి అన్నారు.

కళ్ళజోడు పెట్టుకుని ఇప్పుడు చదివాడు. బీపీ మాత్రలు వాడేవారికి. తల తిరిగేవారికి. మెడని పైకెత్తి విసురుగా తిప్పరాదు. ఒకసారి తిప్పిన వైపు అదే రోజు మళ్ళీ తిప్పరాదు. ఆ తర్వాత ఒకటి రెండుగా కనిపించినా, తూలినా, వాంతులైనా, మాట తడబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి.

ఆ వాక్యాన్ని వేలు పెట్టి మళ్ళీ మొదటి నుంచి చదివాడు. ఆలస్యం చేయక అన్న మాట దగ్గర వేలు ఆగిపోయింది. గడియారం చూశాడు. మూడున్నర. లేచి చెప్పులేసుకున్నాడు. వీధి మలుపు దాకా వెళ్ళాడు. పెయింటరు ఇంటి కిటికీలోంచి మిషను చప్పుడు వినపడలేదు. మిషను ఆగిందంటే ఆమె అతని దగ్గరే కూర్చుని ఉంటుంది, పట్టుకుని ఉంటుంది, మూడు వేళ్ళ కొలత చూసుకుని. లోపలికి వెళ్తే ఏం చెప్పాలి? నూనె రాయలేదమ్మా అని మొదలుపెట్టాలా? నోట్లోంచి ఒకసారి బయటికి పోయిన అబద్ధాన్ని మింగడానికి నోరు ఎంత వెడల్పు తెరవాలో ఆయనకి అక్కడ నిలబడ్డాక తెలిసింది. పాలు తెచ్చుకోవడానికి వచ్చినట్టు పాల దుకాణం ముందు నిలబడి, పాలు కొని, ఇంటికెళ్ళిపోయాడు.

మంగళవారం తెల్లారి వెళ్ళేసరికి ఆ ఇంటికి తాళం వేసుంది. మంచినీళ్ళు మింగుడు పడక ఉక్కిరిబిక్కిరి అయ్యాడని, రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. షాపు తెరవకుండా అటే వెళ్ళాడు.

వార్డులో పన్నెండు మంచాలు. గోడ వైపు చివరి మంచం మీద పెయింటరు ఒక కన్ను మూసుకుని పైకప్పు చూస్తున్నాడు. బాబాయిని చూసి పెదవి కదిపాడు.

"ఇక్కడ సీలింగు ఎవడు వేశాడో గానీ బావా... అన్నీ చారలే."

మాట నాలుక కింద రాయి పెట్టుకున్నట్టు వచ్చింది. భార్య పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నొక్కుతూనే ఉన్నానన్నయ్యా, మీరు చెప్పినట్టే. ఒక చేతికి నొప్పెడితే ఇంకో చెయ్యి. తగ్గలేదు."

బాబాయి చూపు దుప్పటి మీదున్న పెయింటరు చేతుల మీద పడింది. రెండు మణికట్ల మీదా, గీతకి మూడు వేళ్ళ ఇవతల, కమిలిపోయిన బొటనవేలి ముద్రలు. సరిగ్గా ఆయన చూపించిన చోటే. ఒక్క వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాలేదు.

డాక్టరమ్మ రౌండుకి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, జుట్టు పైకి క్లిప్పు పెట్టుకుని ఉంది. ఫైలు చూస్తూనే అడిగింది.

"తల తిరగడం ఎప్పుడు మొదలైంది?"

"ఆదివారం," అంది భార్య.

"ఎక్కడైనా పడ్డారా? మెడకి దెబ్బ తగిలిందా? ఎవరైనా మెడ విరవడం లాంటివి చేశారా?"

పెయింటరు తెరిచి ఉన్న ఒక్క కన్నూ బాబాయి మీదికి వచ్చి, అక్కడ కాసేపు ఉండి, పక్కకి పోయింది.

"లేదు మేడం. సీలింగు పని. పైకి చూసీ చూసీ."

బాబాయి మంచం కాళ్ళ దగ్గర ఇనప కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"చెవి లోపలి సమస్య అయ్యుండొచ్చు. పైకి చూసే పనివాళ్ళకి వస్తుంటుంది. మాత్రలు రాస్తాను, సాయంత్రానికి తగ్గితే ఇంటికెళ్ళొచ్చు. మింగడం ఎందుకు కష్టమైందో మధ్యాహ్నం మళ్ళీ చూస్తాను." పక్క మంచానికి వెళ్ళిపోయింది.

అమ్మయ్య అనిపించింది బాబాయికి. నిజంగానే అనిపించింది. భుజాలు దిగాయి, కమ్మీ మీద పట్టు సడలింది. చెవి సమస్యట, మెడ కాదట. ఆ హాయి గుండెల్లోకి దిగుతుండగానే పెయింటరు నీళ్ళు అడిగాడు. భార్య చెంచాతో పోసింది. సగం నీళ్ళు పెదవి మూల నుంచి గడ్డం మీదికి కారాయి. తువ్వాలు తీసి తుడవబోతూ బాబాయి వంగి ఆ మొహాన్ని దగ్గర నుంచి చూశాడు.

పదిహేను రోజులకోసారి, పదిహేనేళ్ళు. ఆ మొహంలో కుడి దవడ మీద వెంట్రుకలు ఎదురు తిరుగుతాయని, ఎడమ ముక్కు పక్క చిన్న గుంట ఉంటుందని, రెండు కళ్ళూ అద్దంలో తక్కెడ పెట్టి తూచినట్టు ఒకే ఎత్తులో ఉంటాయని ఆయన వేళ్ళకి తెలుసు. ఇప్పుడు ఎడమ కంటి రెప్ప కిందికి దిగి ఉంది. బియ్యపు గింజంత. మొదటిసారి చూసేవాళ్ళు నిద్రలేక అలా ఉందనుకుంటారు. డాక్టరమ్మ ఈ మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

తువ్వాలు మంచం మీద పడేసి ఆవిడ వెనకాల నడిచాడు. ఆవిడ వార్డు మధ్య బల్ల దగ్గర కూర్చుని మందుల చీటీ రాస్తోంది.

"అమ్మా, చివరి మంచం ఆయన..."

"మీరేమవుతారు?"

"గడ్డం గీస్తాను."

"ఇప్పుడు కాదండీ, రౌండ్లయ్యాక గీయండి."

"గీయడానికి కాదమ్మా. ఆదివారం ఆయన మెడ తిప్పింది నేనే."

పెన్ను ఆగింది. పక్కనున్న సిస్టరు కూడా తలెత్తింది.

"లేదన్నాడుగా ఆయన."

"నా మొహం చూసి లేదన్నాడు."

"ఎలా తిప్పారు? చూపించండి."

చేతులు గాల్లోకి లేపాడు. గడ్డం కింద ఒకటి, తల వెనక ఒకటి. గాల్లో తల లేకపోయినా చేతులకి అది అక్కడే ఉన్నట్టుంది. బిగించాడు, పైకెత్తాడు, లాగాడు. డాక్టరమ్మ ఆ చేతులనే చూసింది.

"ఎన్నిసార్లు?"

"కుడికి ఒకసారి. ఎడమకి... రెండుసార్లు."

"రెండోసారి ఎందుకు?"

"మొదటిసారి శబ్దం రాలేదమ్మా."

"శబ్దంతో ఏం పని?"

క్లాసులో ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. డాక్టరమ్మ జవాబు కోసం ఆగలేదు కూడా, లేచి గబగబా చివరి మంచం దగ్గరికి వెళ్ళి, టార్చి వేసి కళ్ళలోకి చూసింది.

"ఈ కన్ను ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?" భార్యని అడిగింది.

"ఏమో మేడం, నిద్రలేక..."

"లేదమ్మా," అన్నాడు బాబాయి వెనక నుంచి. "ఎడమ రెప్ప దిగింది. ఆదివారం గడ్డం గీసేటప్పుడు రెండూ సమానంగా ఉన్నాయి. మెడ తిప్పక ముందు."

భార్య తల తిప్పి బాబాయిని చూసింది. అప్పటిదాకా పెయింటరు మణికట్టు మీదున్న తన బొటనవేలిని మెల్లిగా తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

మెడకి పట్టీ వేసి, తల కదలకుండా రెండు పక్కలా దిండ్లు పెట్టి స్కానుకి తీసుకెళ్ళారు. రెండు గంటలు పట్టింది. బాబాయి వరండాలో నిలబడే ఉన్నాడు. బెంచీ మీద చోటుంది కానీ దాని మీద పెయింటరు భార్య కూర్చుని ఉంది.

డాక్టరమ్మ వచ్చి ఇద్దరికీ కలిపే చెప్పింది. మెడ ఎముకల పక్క నుంచి మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం ఉంటుంది, దాని లోపలి పొర చిరిగింది, అక్కడ రక్తం గడ్డకట్టి కొంచెం పైకి పోయింది. గడ్డ పెరగకుండా మందు మొదలుపెట్టారు. మాట, నడక చాలావరకు వస్తాయి, నెలలు పడుతుంది. చెవి మాత్రలిచ్చి ఇంటికి పంపించి ఉంటే అంటూ ఆ మాట పూర్తి చెయ్యకుండా ఫైలు మూసింది.

పెయింటరు భార్య లోపలికి వెళ్ళాక బాబాయి డాక్టరమ్మతో, "ఇక ఈ చేతుల్తో ఎవర్నీ ముట్టుకోనమ్మా," అన్నాడు.

"అలా ఎందుకు? మర్దన వద్దని నేననలేదు. మా దగ్గరే ఫిజియో ఉంది, మెడనొప్పికి చేతుల్తో చేస్తుంది. చేసే ముందు ఇరవై ప్రశ్నలు అడుగుతుంది. వేర్లూ ఆకులూ వాడే పేషెంట్లు నాకు రోజూ వస్తారు. కొన్ని పనిచేస్తాయి, కొన్ని నా మందుల్తో కొట్లాడతాయి. మాకు చెప్పి మా మందుతో పాటు వాడితే ఇద్దరం చూసుకుంటాం. మా బదులు వాడితే అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ కష్టం. చెప్పకుండా దాస్తే మాత్రం మేం చీకట్లో సూదికి దారం ఎక్కిస్తున్నట్టే."

"నా పేరు రాసుకోండమ్మా."

"ఏం జరిగిందో రాశాను. ఎవరు చేశారో ఫైలుకి అక్కర్లేదు."

రాసుంటే బాగుండేదనిపించింది ఆయనకి. ఎక్కడో ఒక చోట నల్లగా రాసి ఉంటే, అది మోసే పని కాగితానిదయ్యేది.

బుధవారం షాపు తెరవగానే స్టూలెక్కి ఫ్రేము దించాడు. దాని వెనక గోడ మీద చదరంగా శుభ్రమైన నీలం మిగిలింది. ఆ గోడకి ఆ నీలం వేసింది పెయింటరే. డబ్బులు వద్దు బావా, ఏడాది పాటు గడ్డం గియ్యి చాలు అన్నాడు అప్పట్లో.

మొదట వచ్చింది వ్యాను డ్రైవరు. నురగ పూసి ఒక చెంప గీశాక, "మెడ కూడా ఒకసారి చూడు బాబాయ్, రాత్రంతా బండి నడిపా," అన్నాడు.

"మెడ మానేశాను."

"అదేంటి, సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ అయిపోయిందా?"

"ఆదివారం నీ ముందు తిప్పాను చూడు, పెయింటరుకి. రక్తనాళం చిరిగింది. పెద్దాసుపత్రిలో ఉన్నాడు. నా వల్లే."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు. అద్దంలో బాబాయిని చూశాడు, తర్వాత బాబాయి చేతిలో ఉన్న కత్తిని చూశాడు. "పేలలేదే అన్నది నేనే కదా," అన్నాడు మెల్లిగా.

"నువ్వంటే? లాగింది నేను."

బాబాయి రెండో చెంప గీశాడు. ఆ రోజు మెడ అడిగిన ప్రతివాడికీ అదే చెప్పాడు, వివరంగా, ఎడమ రెండోసారితో సహా. ఒకతను తల సగం కత్తిరించాక విని, మిగతాది పొట్టిగా కొట్టెయ్, పనుంది అన్నాడు. మధ్యాహ్నం క్లాసు గ్రూపులో కూడా జరిగింది జరిగినట్టు చెప్పాడు. టైపు చెయ్యడం రాక నోటితోనే చెప్పి పంపాడు. అరగంటలో ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు.

శుక్రవారం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పెయింటరు గడ్డం పెరిగి మెడ పట్టీకి గుచ్చుకుంటోందట, దురద పెడుతోందట, మా బావ వస్తేనే గీయించుకుంటానంటున్నాడట. సంచీలో సామాను సర్దుకుని వెళ్ళాడు. వార్డు సిస్టరు సంచీ తెరిపించి చూసింది.

"బ్లేడు వద్దు. రక్తం పలచబడే మందు ఎక్కుతోంది, చిన్న గాటు పడినా ఆగదు. మెషీనైతే సరే. తల కదపకూడదు, అస్సలు."

భార్య స్టూలు మీదే ఉంది. ఆయన్ని చూసి, చేతిలో మడతపెడుతున్న దుప్పటి వైపు తల వంచేసుకుంది. మంగళవారం నుంచీ ఆయనతో మాట్లాడలేదు. అన్నయ్యా అనే మాట ఆ నోటివెంట మళ్ళీ వస్తుందన్న ఆశ ఆయనకీ లేదు.

బాబాయి మెడ పట్టీ చుట్టూ తువ్వాలు దోపి, మెషీను ముందు తన ముంజేతి మీద నడిపి చూసుకుని, కుడి చెంప మొదలుపెట్టాడు. బరబరమని తెల్లా నల్లా పొట్టు తువ్వాలు మీద రాలుతోంది. కుడి పక్కంతా అయింది. మెషీను ఆపాడు. అడగాలనుకున్నది ఇప్పుడడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేడు.

"బావా, నన్ను కాపాడదామని డాక్టరమ్మతో అంత అబద్ధమాడావు. నీ ప్రాణం మీదికి తెచ్చుకున్నావు. నేను నీకేం చేసి రుణం తీర్చుకోను?"

పెయింటరు కాసేపు పైకే చూశాడు. మాట కూడదీసుకోడానికి అతనికిప్పుడు సమయం పడుతోంది.

"నిన్ను కాపాడదామని కాదు."

"మరి?"

"నేను... చెబుతాను. ఆవిడ నిన్ను అడుగుతుంది. నువ్వు కాదంటావు." ఊపిరి తీసుకున్నాడు. "అది నా చెవుల్తో విని... ఈ మంచం మీద పడుండాలి. అది నా వల్ల కాదనిపించింది."

"నేను కాదనేవాణ్ణని అనుకున్నావా?"

"సోమవారమే ఇంటికొచ్చి చెప్పింది మా ఆవిడ. ఊరికే నూనె రాశారట కదా అని."

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. భార్య దుప్పటి మడత మళ్ళీ విప్పి మళ్ళీ పెడుతోంది.

"నూనె రాయలేదు బావా."

"తెలుసు. నా మెడేగా."

అతను నవ్వినట్టు పెదవి ఒకవైపే లేచింది. బాబాయి ఆ నవ్వు వైపు చూడలేకపోయాడు. నాలుగు రోజులుగా తనకోసం ఒక మనిషి ప్రాణాన్ని పణంగా పెట్టాడన్న బరువుతో కుంగిపోతున్నాడు. ఆ బరువులో, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వం కూడా ఉంది. నాకోసం అంత చేసే బావ ఉన్నాడు అని. ఇప్పుడు అదీ లేదు. పదిహేనేళ్ళు తన చేతుల్లో తల పెట్టి కళ్ళు మూసుకున్న మనిషి, మొదటిసారి కళ్ళు తెరిచి ఆయన్ని చూసి, ఇంతే అని లెక్క కట్టుకున్నాడు. ఆ లెక్క తప్పు అనడానికి కూడా వీల్లేదు.

"ఎడమ పక్క మిగిలిపోయింది," అన్నాడు పెయింటరు. అలవాటుగా ముఖం అటు తిప్పబోయాడు.

"ఉండు, ఉండు. తిప్పకు. నేనే వస్తా."

కానీ ఎడమ పక్క గోడ. మంచానికీ గోడకీ మధ్య చెయ్యి దూరేంత చోటు కూడా లేదు. బాబాయి మెషీను సంచీలో పెట్టి, తల వైపు కమ్మీ రెండు చేతులా పట్టుకున్నాడు. ఒక్కడు లాగితే మంచం కుదుపుతుంది. ఎవరినైనా పిలుద్దామని వార్డు గుమ్మం వైపు చూస్తుంటే భార్య లేచింది. దుప్పటి స్టూలు మీద పెట్టి, కాళ్ళ వైపు కమ్మీ పట్టుకుంది. ఆయన ముఖం చూడలేదు, ఆయన చేతులు ఎప్పుడు కదులుతాయో మాత్రం చూసింది. ఇద్దరూ కలిసి అంగుళం అంగుళం మంచాన్ని ఇవతలికి జరిపారు.

ఆయన ఒంటిని పక్కకి తిప్పుకుని, వీపు గోడకి రాసుకుంటూ ఆ సందులోకి దూరాడు. మోకాలు మడిచి, పెయింటరు ఎడమ చెవి ఎత్తుకి వంగాడు. మెషీను తీశాడు.

అప్పుడామె తల దగ్గరికి వచ్చి నిలబడింది. రెండు అరచేతులూ భర్త తలకి అటూ ఇటూ ఆనించి, కదలకుండా పట్టుకుంది. పట్టుకుని బాబాయి చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది, మెషీను చేతిని, ఖాళీ చేతిని, రెండింటినీ. రెప్ప వెయ్యట్లేదు.

ఖాళీ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు. ఎప్పుడూ అది గడ్డం కింద ఉండేది. కాసేపాగి, ఆమెకి కనపడేలా దాన్ని మంచం కమ్మీ మీద పెట్టి, ఒక్క చేత్తోనే గీయడం మొదలుపెట్టాడు.